కెనడాలో మొదటి ఏడాది: ఒంటారియోకి కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఇక్కడ ప్రతి కాగితం ఇంకో కాగితాన్ని అడుగుతుంది. హెల్త్ కార్డుకి అడ్రస్ రుజువు కావాలి. ఆ రుజువుకి బ్యాంకు స్టేట్‌మెంటో, ఇంటి లీజో కావాలి. లీజు ఇవ్వాలంటే ఓనర్ ఉద్యోగం ఉందా, క్రెడిట్ స్కోరు ఎంత అంటాడు. ఉద్యోగం ఇచ్చేవాడు సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు అడుగుతాడు. ఏది ముందు, ఏది వెనక అన్న వరుస తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. టొరంటో, మిస్సిసాగా, బ్రాంప్టన్ చుట్టుపక్కల దిగబోతున్న పీఆర్ (శాశ్వత నివాస హోదా ఉన్న) కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఆ వరుసలోనే రాస్తున్నాను. వేరే ప్రావిన్సుకి వెళ్లేవాళ్లకు హెల్త్ కార్డు, అద్దె, లైసెన్సు రూల్స్ మారతాయి. మిగతావి దాదాపు ఇవే.

బయల్దేరే ముందు

బట్టలు, పచ్చళ్ల సంగతి ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. మీరు కాగితాల మీద పడండి. పిల్లల టీకాల రికార్డు డాక్టర్ సంతకంతో ఇంగ్లిష్‌లో రాయించుకోండి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు బ్రాండ్ పేరు కాకుండా అసలు మందు పేరున్న ప్రిస్క్రిప్షన్ తెచ్చుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు ఎప్పటి నుంచి ఉందో తెలిపే ధ్రువీకరణ పత్రం ఆర్టీఓ ఆఫీసులో తీసుకోండి. దాని విలువ కింద చెబుతాను. ఇక్కడికి వచ్చాక అక్కడున్న బావమరిదిని ఆ ఆఫీసు చుట్టూ తిప్పడం కంటే ముందే తెచ్చుకోవడం నయం.

ఇండియా సిమ్ కార్డు వదిలేయకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. చిన్న రీచార్జితో దాన్ని బతికించి ఉంచండి. సేవింగ్స్ ఖాతాలను ఎన్‌ఆర్‌ఓ (విదేశాల్లో ఉండే భారతీయుల) ఖాతాలుగా మార్పించుకోవాలి. స్థలాలు, ఫ్లాట్ల పనులకు అమ్మానాన్నల పేరనో, అన్నదమ్ముల పేరనో పవర్ ఆఫ్ అటార్నీ రాయించడం అక్కడుండగా తేలిక, ఇక్కడి నుంచి తలనొప్పి.

మిక్సీ, వెట్ గ్రైండర్ మోసుకు రావద్దు. ఇక్కడ కరెంటు 120 వోల్టులు. మన 230 వోల్టుల మోటారు సరిగ్గా తిరగదు. ఇదే వోల్టేజీకి చేసిన మన కంపెనీల మిక్సీలు ఇక్కడి ఇండియన్ షాపుల్లోనే దొరుకుతాయి. ప్రెషర్ కుక్కర్ మాత్రం తెచ్చుకోండి, అడుగు చదునుగా ఉన్నది. ఇక్కడ ఎక్కువ ఇళ్లలో కరెంటు స్టవ్వులే.

ఎయిర్‌పోర్టులో

10,000 కెనడియన్ డాలర్లు, అంతకు మించి డబ్బు చేతిలో ఉంటే కస్టమ్స్‌కి చెప్పాలి. చెబితే పన్నేమీ పడదు, చెప్పకపోతేనే ఇబ్బంది. వెంట తెచ్చిన సామాను జాబితా ఒకటి, తర్వాత తెచ్చుకోబోయే వాటి జాబితా ఇంకొకటి తయారుగా ఉంచుకోండి. మనవాళ్లు రెండో జాబితాలో బంగారం రాయడం మరిచిపోతారు. అమ్మ దగ్గర దాచి వచ్చిన నగలను రెండేళ్ల తర్వాత తెచ్చుకునేటప్పుడు పన్ను కట్టమంటే గొడవ పెట్టుకుని లాభం లేదు. నగల ఫోటోలు, విలువ కట్టించిన కాగితం జతచేసి మొదటిసారి వచ్చినప్పుడే జాబితాలో చూపించండి.

పీఆర్ కార్డు పోస్టులో వస్తుంది. 180 రోజుల్లోగా కెనడా అడ్రస్ ఇవ్వాలి. మొదట స్నేహితుల ఇంటి అడ్రస్ ఇచ్చినవాళ్లు, వాళ్ల పోస్టు డబ్బా మీద ఒక కన్నేసి ఉంచమని చెప్పండి.

మొదటి వారం: సిన్, ఫోన్, బ్యాంకు

సర్వీస్ కెనడా ఆఫీసుకి పాస్‌పోర్టు, పీఆర్ పత్రం పట్టుకెళితే తొమ్మిది అంకెల సిన్ నంబరు సాధారణంగా అదే రోజు ఇస్తారు. ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనూ పెట్టుకోవచ్చు. ఈ నంబరు కావలసింది ఉద్యోగం ఇచ్చినవాళ్లకు, బ్యాంకుకు, టాక్స్ ఆఫీసుకు. ఇంటి ఓనర్ ఫారంలో ఆ గడి ఉన్నా ఖాళీగా వదిలేయవచ్చు. ఫోన్ చేసి "టాక్స్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, అరెస్టు చేస్తాం, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి" అనేవాళ్లు కొత్తవాళ్లనే వెతుక్కుంటారు. నిజమైన టాక్స్ ఆఫీసు గిఫ్ట్ కార్డు అడగదు. ఫోన్ పెట్టేయండి.

ఆర్‌బీసీ, టీడీ, స్కోషియా, బీఎంఓ, సీఐబీసీ ఐదూ కొత్తగా వచ్చినవాళ్లకు ప్రత్యేక ప్యాకేజీలు ఇస్తాయి. ఏ బ్యాంకు అన్నదానికంటే, ఉద్యోగం లేకుండా క్రెడిట్ కార్డు ఇస్తారా లేదా అన్నది అడగండి. ఇండియాలో మీ సిబిల్ స్కోరు ఎంత గొప్పదైనా ఇక్కడ లెక్కలోకి రాదు. ఇక్కడ క్రెడిట్ రికార్డులు ఉంచే ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ దగ్గర మీ పేరు మీద ఇంకా ఏమీ ఉండదు. కార్డు లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడుతూ, గడువు లోపల మొత్తం బిల్లు కట్టేస్తుంటే కొన్ని నెలల్లో స్కోరు కనిపిస్తుంది. మినిమమ్ కట్టి ఊరుకునే అలవాటు వద్దు.

ఇల్లు: తొందరపడకూడని పని

మొదటి నెలకు తాత్కాలికంగా ఒక చోటు చూసుకుని, ఇల్లు కళ్లతో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. "ఓనర్ ఊళ్లో లేరు, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాం" అన్నారంటే అది మోసమే. ఫోటోలు ఎంత బాగున్నాయో చూడకండి, తలుపు తెరిచి చూపించేది ఎవరో చూడండి.

ఒంటారియో చట్టం ప్రకారం ఓనర్ అడగగలిగేది మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె. తాళాలకు చిన్న డిపాజిట్ తీసుకోవచ్చు, తిరిగి ఇవ్వాలి. డ్యామేజీ డిపాజిట్ అడగడానికి వీల్లేదు. లీజు ప్రభుత్వం పెట్టిన స్టాండర్డ్ ఫారంలోనే ఉండాలి. 2018 ఏప్రిల్ 30 నుంచి ఇది రూలు. ఖాళీ చేయాలంటే మీరు 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. అద్దె పెంచాలంటే ఆయన 90 రోజుల ముందు చెప్పాలి. పెంపు మీద ప్రభుత్వ పరిమితి ఉంటుంది. 2026లో అది 2.1 శాతం. కానీ 2018 నవంబరు 15 తర్వాత మొదటిసారి జనం చేరిన ఇళ్లకు ఆ పరిమితి వర్తించదు. కాబట్టి మెరిసే కొత్త కాండో చూసి ముచ్చటపడే ముందు, వచ్చే ఏడాది అద్దె ఎంతవుతుందో ఆలోచించుకోండి. ఏదైనా తేడా వస్తే, ఓనర్లకీ అద్దెవాళ్లకీ మధ్య గొడవలు తేల్చే లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డు ఉంది. అక్కడ కేసు తేలడానికి నెలలు పడుతుంది కాబట్టి, ఓనర్‌తో మాట్లాడేదంతా మెసేజీల్లో ఉండేలా చూసుకోండి.

బ్రాంప్టన్‌లో మనవాళ్లు ఎక్కువగా చేరేది బేస్‌మెంట్ పోర్షన్లలో. చవగ్గా దొరుకుతాయి, తప్పేమీ కాదు. చూడ్డానికి వెళ్లినప్పుడు మాత్రం నాలుగు సంగతులు గమనించండి: మనిషి బయటికి దూకగలిగేంత కిటికీ ఉందా, పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం పని చేస్తున్నాయా, హీటర్ కంట్రోల్ పైనున్నవాళ్ల చేతిలోనే ఉందా, ఆ పోర్షన్ సిటీ దగ్గర రిజిస్టర్ అయిందా. కరెంటు బిల్లును ఇక్కడ హైడ్రో అంటారు. అద్దెలో అది కలిసి ఉందో లేదో లీజులో రాయించుకోండి.

హెల్త్ కార్డు

లీజు లేదా బ్యాంకు స్టేట్‌మెంట్ చేతికి రాగానే ప్రావిన్సు ప్రభుత్వ ఆఫీసైన సర్వీస్ ఒంటారియోకి వెళ్లి ఓహిప్‌కి, అంటే ప్రావిన్సు ఆరోగ్య బీమాకి, దరఖాస్తు పెట్టండి. మూడు నెలలు ఆగాలన్న పాత రూలు 2020 మార్చిలో తీసేశారు. ఇంటికి వచ్చే పెద్దలు ఇంకా అదే చెబుతుంటారు, నమ్మకండి. అయితే ఒక మెలిక ఉంది. ఒంటారియోలో ఉండడం మొదలుపెట్టాక మొదటి 183 రోజుల్లో 153 రోజులు ఇక్కడే ఉండాలి. "ఒకసారి దిగేసి, మూడు నెలలు ఇండియాలో గడిపి వద్దాం" అనుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఆసుపత్రిలో చేరినా ఓహిప్ చూసుకుంటుంది. పళ్లకు, కళ్లజోళ్లకు, పెద్దవాళ్లు బయట కొనే మందులకు సాధారణంగా చూసుకోదు. కాబట్టి రూట్ కెనాల్ ఏదైనా వాయిదా వేస్తూ వచ్చి ఉంటే, విమానం ఎక్కే ముందే పూర్తి చేయించుకోండి. ఫ్యామిలీ డాక్టర్ దొరకడం ఆలస్యమవుతుంది. డాక్టర్‌ని వెతికిపెట్టే ప్రభుత్వ సేవ హెల్త్ కేర్ కనెక్ట్‌లో పేరు నమోదు చేసి, ఈలోపు అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లగలిగే వాకిన్ క్లినిక్కులు వాడుకోండి. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం వస్తే 811కి ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది. ప్రాణాపాయమైతే 911. ఎమర్జెన్సీలో ముందు వచ్చినవాళ్లను కాక, ముందు చూడాల్సినవాళ్లను చూస్తారు. గంటలు కూర్చోవాల్సి రావచ్చు.

వంటింట్లో

మొదటి పోపు వేసిన రోజే పొగ అలారం మోగుతుంది. కంగారుపడి దాని బ్యాటరీ పీకేయకండి, అది చట్టవిరుద్ధం కూడా. స్టవ్ మీదున్న ఫ్యాన్ ముందే వేసి, ఎండుమిర్చి మాడకముందే మూత పెట్టండి. జాకెట్లు వంటిల్లు దగ్గర వేలాడదీయకుండా అల్మారాలో తలుపేసి ఉంచండి. పోపు వాసన ఉన్నికి పట్టిందంటే మర్నాడు బస్సులోనూ మీతోనే ఉంటుంది.

సోనా మసూరి, కందిపప్పు, చింతపండు, ఫ్రోజెన్ గోంగూర ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. పాలు, కూరలు, పళ్లు నో ఫ్రిల్స్, వాల్‌మార్ట్‌లాంటి చోట చవక. ధరను రూపాయల్లోకి మార్చుకోవడం మొదటి నెలలో అందరూ చేసేదే. కొత్తిమీర కట్ట కూడా కొనబుద్ధి కాదు. జీతం డాలర్లలో వచ్చాక ఆ జబ్బు దానంతటదే తగ్గుతుంది. షాపులో అంటించిన ధరకు బిల్లు దగ్గర 13 శాతం హెచ్‌ఎస్‌టీ అనే అమ్మకం పన్ను కలుస్తుంది. బియ్యం, పాలు, కూరగాయల్లాంటి మామూలు సరుకులకు ఉండదు.

ఉద్యోగం

ఎక్కువమంది కుంగిపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఎక్కువసేపు మాట్లాడుకుందాం.

ముందు రెజ్యూమే. రెండు పేజీలు దాటకూడదు. ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లయిందో లేదో, మతం ఏవీ ఉండకూడదు. "పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న వాక్యం కూడా తీసేయండి. మీరు పనిచేసిన కంపెనీ పేరు హైదరాబాద్‌లో అందరికీ తెలిసి ఉండొచ్చు, ఇక్కడి వాళ్లకు తెలియదు. అది ఏం చేస్తుందో, ఎంత పెద్దదో ఒక్క ముక్కలో రాయండి. "ప్రాజెక్టులో పాల్గొన్నాను" అని రాస్తే ఎవరూ చదవరు. "రాత్రి బ్యాచ్ జాబులు ఆరు గంటలు పట్టేవి, రెండు గంటలకు తెచ్చాను" అని రాయండి. మనలో చాలామందికి "మేం చేశాం" అనడం అలవాటు. ఇంటర్వ్యూలో మీరేం చేశారని అడుగుతారు, దానికి "నేను" అనే జవాబు చెప్పాలి. అది గొప్పలు చెప్పుకోవడంగా వాళ్లు చూడరు.

"కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదు" అన్న మాట ఏళ్ల తరబడి కొత్తవాళ్లను ఏడిపించింది. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో 25 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు ఉద్యోగ ప్రకటనలో అది కావాలని రాయకూడదు. ప్రకటనలోంచి పోయినంత మాత్రాన బుర్రల్లోంచి వెంటనే పోతుందనుకోను. అందుకే తెలిసినవాళ్ల ద్వారా వెళ్లడం ఇంకా ముఖ్యమే. లింక్డిన్‌లో మీ రంగంలో ఉన్నవాళ్లకు రాసి ఇరవై నిమిషాలు కాఫీకి సమయం అడగండి. ఆ ఇరవై నిమిషాల్లో ఉద్యోగం మాత్రం అడగొద్దు. వాళ్ల టీమ్‌లో ఏ పని ఎలా జరుగుతుందో, ఏ నైపుణ్యానికి కొరత ఉందో అడగండి. పది మందికి రాస్తే ఒకరిద్దరే జవాబిస్తారు, అది అవమానం కాదు.

ఇంజనీరు, నర్సు, డాక్టర్, టీచర్, లాయర్‌లాంటి వృత్తులకు లైసెన్సు కావాలి. ఒంటారియోలో ఇంజనీర్ల లైసెన్సుకి కెనడా అనుభవం ఉండాలన్న షరతును 2023లో తీసేశారు. నర్సింగ్, వైద్యం దారి ఇంకా పొడవే. ఇండియాలో ఉండగానే సర్టిఫికెట్ల పరిశీలన మొదలుపెట్టినవాళ్లు ఏడాది ముందుంటారు. కాలేజీ నుంచి సీల్డ్ ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుకోవడం ఎంత పనో మీకు తెలియనిది కాదు.

పీఆర్‌లకు ప్రభుత్వ ఖర్చుతో ఉచితంగా సాయం చేసే సంస్థలున్నాయి: ఆక్సెస్ ఎంప్లాయ్‌మెంట్, కోస్టీ, వైఎంసీఏ. రెజ్యూమే దిద్దుతారు, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయిస్తారు. లింక్ అనే ఇంగ్లిష్ తరగతులూ ఉచితమే. ఇంట్లో ఉండే భార్యకో, భర్తకో ఆ తరగతులు భాష కంటే ఎక్కువిస్తాయి; ఇంటి బయట నలుగురు తెలిసినవాళ్లు ఏర్పడేది అక్కడే. మనవాళ్లు "ఫ్రీ కదా, ఏముంటుందిలే" అని వీటిని పట్టించుకోరు. ఇదే సాయానికి వేలు తీసుకునే కన్సల్టెన్సీల దగ్గరికి మాత్రం పరుగెత్తుతారు.

వేర్‌హౌస్‌లోనో, కాఫీ షాపులోనో పనికి వెళ్లాలా? తెచ్చుకున్న డబ్బు ఎన్ని నెలలు వస్తుందో లెక్క కట్టండి. నాలుగు నెలలకు తగ్గేలోపు ఏదో ఒక పనిలో చేరడం మంచిదని నా అభిప్రాయం. కానీ రాత్రి షిఫ్టుల్లో ఇరుక్కుంటే పగలు ఇంటర్వ్యూలకు ఓపిక ఉండదు. వారంలో రెండు పగళ్లయినా ఖాళీ ఉండే పని చూసుకోండి. 2025 అక్టోబరు 1 నుంచి ఇక్కడ కనీస వేతనం గంటకు 17.60 డాలర్లు. అంతకంటే తక్కువకు, పే స్టబ్ (జీతం చీటీ) లేకుండా క్యాష్ ఇస్తామనేవాడు తెలుగువాడైనా సరే, దండం పెట్టి వచ్చేయండి.

పిల్లల బడి

మీ ఇంటి అడ్రసే బడిని నిర్ణయిస్తుంది, కాబట్టి ఇల్లు చూసేటప్పుడే ఆ అడ్రస్‌కి ఏ బడి వస్తుందో స్కూల్ బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ప్రభుత్వ బడికి ఫీజు లేదు. డిసెంబరు 31లోగా నాలుగేళ్లు నిండే పిల్లలు జూనియర్ కిండర్‌గార్టెన్‌లో చేరవచ్చు. తరగతి వయసును బట్టే ఇస్తారు. "మావాడు అక్కడ డబుల్ ప్రమోషన్" అంటే నవ్వి ఊరుకుంటారు.

లంచ్ బాక్స్ సంగతి. వేరుశనగ అలర్జీ ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే విషయం. బడులు దాన్ని పట్టించుకోవాలని 2006 నుంచి సబ్రినాస్ లా అనే చట్టమే ఉంది. చాలా బడులు పల్లీలు, జీడిపప్పు ఉన్న తిండి పంపొద్దంటాయి. అంటే ఇడ్లీతో పల్లీ చట్నీ, పల్లీలు వేసిన పులిహోర, జీడిపప్పు ఉప్మా వారాంతానికే. పులిహోరలో శనగపప్పు ఎక్కువేసుకోండి. చట్నీ పుట్నాలతో చేసినా, ఆ పొట్లం మీద పల్లీల హెచ్చరిక ఉందేమో చదవండి.

పిల్లలకు హాని జరుగుతోందన్న అనుమానం వస్తే టీచర్ పిల్లల రక్షణ చూసే చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీకి చెప్పి తీరాలి, అది చట్టం. కోపమొస్తే చెయ్యెత్తే అలవాటు ఉన్నవాళ్లు ఆ అలవాటును శంషాబాద్‌లోనే వదిలి రావాలి.

చలి

జాకెట్ ఇండియాలో కొనకండి. ఇక్కడి చలికి చేసినవి ఇక్కడే దొరుకుతాయి. వాల్యూ విలేజ్‌లాంటి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో పిల్లలకు చవగ్గా వస్తాయి, ఎలాగూ మరుసటి ఏడాదికి చాలవు. ఒక్క మందపాటి కోటు కంటే లోపల థర్మల్, మధ్యలో ఉన్ని, పైన గాలి దూరని జాకెట్ మేలు. డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద: నీళ్లు దూరకూడదు, అడుగు జారకూడదు. మంచు కంటే ప్రమాదం, రోడ్డు మీద కనపడకుండా గట్టిపడే ఐసు. ఉష్ణోగ్రత చూసి ఊరుకోకుండా విండ్ చిల్ (గాలితో కలిపి ఒంటికి తగిలే చలి) చూడండి. అది మైనస్ 27 దాటితే బయట ఉన్న చర్మం మొద్దుబారి దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది. ఆ చీకటికి మనసు కూడా దిగాలు పడుతుంది. మధ్యాహ్నం పూట, ఎండ ఉన్నా లేకపోయినా అరగంట బయట నడవండి. విటమిన్ డి గురించి డాక్టర్‌ని అడగండి.

డ్రైవింగ్

ఇండియా లైసెన్సుతో 60 రోజులు నడపవచ్చు. ఈలోగా జీ1 (మొదటి దశ లైసెన్సు) రాతపరీక్ష రాయండి: రెండు భాగాల్లో 20 చొప్పున ప్రశ్నలు, ఒక్కో దానిలో 16 రావాలి. ముందే తెచ్చుకోమన్న ఆ పత్రం ఇక్కడ పనికొస్తుంది. రెండేళ్లకు మించిన అనుభవం రుజువైతే మధ్యలో నెలల తరబడి ఆగకుండా నేరుగా జీ (పూర్తి లైసెన్సు) రోడ్ టెస్టుకు వెళ్లే వీలుంటుంది. మన దగ్గర ఎన్నేళ్లు నడిపినవాళ్లయినా రెండు మూడు క్లాసులు తీసుకోండి. స్టాప్ బోర్డు దగ్గర నెమ్మదించి పోతే చాలదు, చక్రం పూర్తిగా ఆగాలి. స్కూల్ బస్సు ఎర్రలైట్లు వెలుగుతుంటే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురు వైపు బండ్లు కూడా ఆగాలి.

టాక్స్, పిల్లల డబ్బు

పిల్లలుంటే వచ్చిన వెంటనే, వాళ్ల పెంపకానికి ప్రభుత్వం ఇచ్చే కెనడా చైల్డ్ బెనిఫిట్‌కి దరఖాస్తు పెట్టండి, టాక్స్ సీజన్ దాకా ఆగనక్కర్లేదు. 2025 జూలై నుంచి 2026 జూన్ వరకు ఆరేళ్ల లోపు పిల్లలకు ఏడాదికి గరిష్ఠంగా 7,997 డాలర్లు, ఆరు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు 6,748 డాలర్లు. ఆదాయం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. ఆదాయం లేకపోయినా భార్యాభర్తలిద్దరూ ఏప్రిల్ 30లోగా రిటర్ను వేయాలి, లేకపోతే ఈ డబ్బు ఆగిపోతుంది.

దిగిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ చూపించాలి. కూకట్‌పల్లి ఫ్లాటు అద్దె, ఎఫ్‌డీ వడ్డీ కూడా. విదేశాల్లోని ఆస్తులకు మీరు పెట్టిన ఖర్చు లక్ష డాలర్లు దాటితే, మొదటి ఏడాది మినహా, వేరే ఫారం ఉంది. సొంతానికి వాడుకునే ఇల్లు అందులోకి రాదు. ఇంకో ముఖ్యమైన సంగతి: స్థలం, షేర్లు, బంగారం మీరు ఎప్పుడు ఎంతకు కొన్నా, కెనడా లెక్కలో వాటి ధర మీరు దిగిన రోజు నాటి మార్కెట్ విలువే. ఆ రోజు నాటి విలువ కట్టిన కాగితం ఇప్పుడే తీసుకుని దాచుకుంటే, పదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు చాలా పన్ను మిగులుతుంది.

మనుషులు

ఇండియాకీ మనకీ ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర గంటలు తేడా. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం అవుతుంది, అమ్మ తీరిగ్గా మాట్లాడుతుంది. రోజూ అర్ధరాత్రి దాకా మేలుకుని మాట్లాడే పద్ధతి రెండు వైపులా అలసటే. తెలుగు సంఘాల ఉగాది, బతుకమ్మ వేడుకలకు వెళ్లండి, రిచ్‌మండ్ హిల్ గణేశుడి గుడికి వెళ్లండి. కానీ పక్కింటివాళ్లతో కూడా పరిచయం పెంచుకోండి. మంచులో కారు ఇరుక్కున్న పొద్దున పార పట్టుకుని వచ్చేది వాళ్లే. మనవాళ్ల పార్టీల్లో "మీకు వచ్చిన ఎన్నాళ్లకు జాబ్ వచ్చింది? ఇల్లు కొన్నారా?" అని అడిగేవాళ్లు ఉంటారు. నవ్వి బిర్యానీ ఎక్కడ తెప్పించారని అడగండి.

రోజుల లెక్క

పీఆర్ నిలవాలంటే ప్రతి ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి. పౌరసత్వానికి దరఖాస్తు ముందు ఐదేళ్లలో 1,095 రోజులు కావాలి. ఇండియా వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, అమెరికా సరిహద్దు దాటి నయాగరా అవతల షాపింగ్‌కి వెళ్లి రాత్రి ఉండిపోయిన తేదీలతో సహా ఒకచోట రాసుకుంటూ పోండి. దరఖాస్తు ఫారం ఆ తేదీలన్నీ అడుగుతుంది. 1,095 నిండిన రోజే పంపకండి. లెక్కలో ఒకటి రెండు రోజులు తేడా వచ్చినా వెనక్కి పంపేస్తారు కాబట్టి రెండు వారాలు అదనంగా ఉండేలా చూసుకుని పంపండి.